నెట్ స్పీడు పెరిగితే ఊరికి డబ్బు ఎలా వస్తుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: మీ నగర పాలక మండలి ముందుకు ఊరంతా ఫైబర్, అంటే నెట్ మోసే గాజు తీగ, వేసే ప్రతిపాదన వచ్చింది. మీరు ఓటు వేయాలి. "స్పీడు పెరిగితే జనం సినిమాలు తొందరగా చూస్తారు, అంతేగా? దానివల్ల ఊరికి నాలుగు రాళ్లు ఎలా వస్తాయి?" అని అడిగారు.

ఇరవై ఏళ్లకు పైగా నగరాల నెట్‌వర్క్ ప్లానింగే నా పని. మొదట్లో ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే ప్రపంచ బ్యాంకు 2009లో వేసిన నివేదిక అంకె ఒకటి చెప్పేవాణ్ణి. వర్ధమాన దేశాల్లో బ్రాడ్‌బ్యాండ్ వాడకం ప్రతి 10 శాతం పాయింట్లు పెరిగినప్పుడు ఆర్థిక వృద్ధి 1.38 శాతం పాయింట్లు పెరుగుతుందన్న అంకె అది. ప్రతి ప్రెజెంటేషన్‌లోనూ రెండో స్లైడు అదే ఉండేది. మీ ముందుకొచ్చిన ప్రతిపాదనలో కూడా ఉందేమో చూడండి. అది దేశాల సగటు లెక్క. డబ్బున్న దేశాలే నెట్ ఎక్కువ పెట్టించుకున్నాయా, నెట్ పెట్టించుకున్నందుకు డబ్బు వచ్చిందా అన్నది అందులోంచి విడదీయడం కష్టం. ఒక నగరానికి దాన్ని అతికించడం అసలు కుదరదు. కాబట్టి ఆ అంకె పక్కన పెట్టి, డబ్బు ఏ దారిన వస్తుందో చూద్దాం.

ఏ ఊరైనా బయటి వాళ్లకు ఏదో అమ్మి సంపాదిస్తుంది. సరుకు కావచ్చు, పనితనం కావచ్చు. అలా వచ్చిన డబ్బు ఊళ్లో నాలుగు చేతులు మారితే అందరికీ పని దొరుకుతుంది. నెట్‌ను కూడా ఈ కళ్లతోనే చూడండి. మోటుగా చెప్పాలంటే డౌన్‌లోడ్ ఊరి దిగుమతి, అప్‌లోడ్ ఊరి ఎగుమతి. ఇది కచ్చితమైన లెక్క కాదని నాకూ తెలుసు. ఫోన్లో సలహా చెప్పి సంపాదించేవాళ్లకు అప్‌లోడ్ పెద్దగా అక్కర్లేదు. అయినా ప్రతిపాదనలు చదివేటప్పుడు ఈ మోటు లెక్క నన్ను చాలాసార్లు కాపాడింది. పోస్టర్ మీద పెద్ద అక్షరాల్లో ఉండేది ఎప్పుడూ డౌన్‌లోడ్ స్పీడే. అప్‌లోడ్ స్పీడు ఎక్కడో నాలుగో పేజీలో దాక్కుని ఉంటుంది.

ఒక చిన్న లెక్క చూడండి. ఒక యానిమేషన్ ఆఫీసు రోజుకు 200 గిగాబైట్ల పని వేరే ఊళ్లో ఉన్న క్లయింటుకు పంపాలనుకోండి. అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ ఉంటే అది చేరడానికి దాదాపు 44 గంటలు. అంటే ఈ రోజు పని ఎల్లుండికి చేరుతుంది, ఈలోపు రేపటి పని వెనకాల లైన్లో నిలబడుతుంది. అదే ఒక గిగాబిట్, అంటే వెయ్యి ఎంబీపీఎస్, అప్‌లోడ్ ఉంటే అరగంట లోపే అయిపోతుంది. 44 గంటలు పట్టే ఊళ్లో ఆ వ్యాపారం నెమ్మదిగా నడవదు, అసలు ఉండనే ఉండదు. హార్డ్ డిస్కులు కొరియర్లో పంపుతూ కొన్నాళ్లు నెట్టుకొచ్చి, తర్వాత వేరే నగరానికి మారిపోతారు. నేను పనిచేసిన ఒక ఊళ్లో సరిగ్గా ఇదే జరిగింది. ఆఫీసు ఖాళీ చేసి వెళ్లేదాకా వాళ్లు అక్కడ ఉన్నారన్న సంగతే కౌన్సిల్‌లో చాలామందికి తెలియదు. ఇలా వెళ్లిపోయిన వాళ్లూ, అసలు రానివాళ్లూ ఏ లెక్కల్లోనూ కనబడరు. ఈ విషయంలో నన్ను బాగా చికాకు పెట్టేది అదే.

స్కాన్ సెంటర్లు, ఇళ్ల డిజైన్లు గీసేవాళ్లు, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు, సర్వే డ్రోన్లు ఎగరేసేవాళ్లు, రాత్రిపూట సర్వర్ల బ్యాకప్ తీసుకునే ఫ్యాక్టరీలు, వీళ్లందరిదీ ఇదే బాధ. పెద్ద కంపెనీకి ఈ సమస్య ఉండదు. వాళ్లు సొంతంగా లీజు లైను, అంటే తమ ఒక్కరికే కేటాయించిన తీగ, వేయించుకుంటారు. ఐదుగురూ పదిమందీ ఉన్న ఆఫీసులకు ఆ స్తోమత ఉండదు. ఊరంతా ఫైబర్ వస్తే, అంతవరకూ పెద్దవాళ్లకే అందిన వసతి వీళ్లకూ ఇంటి కనెక్షన్ ధరకు కాస్త అటూ ఇటూగా అందుతుంది. కొత్త వ్యాపారాలు పుట్టేది ఇక్కడే.

ఇప్పుడు అందరూ చెప్పే చటనూగా కథ. అమెరికాలో టెనసీ రాష్ట్రంలోని పాత ఫ్యాక్టరీల ఊరు అది. 1969లో టీవీ వార్తల్లో వాల్టర్ క్రాంకైట్ దాన్ని అమెరికాలోకెల్లా మురికి నగరమని చెప్పాడు. అక్కడి కరెంటు సంస్థ ఈపీబీ ఆ నగరానిదే. 2010లో ఆ సంస్థ తన పరిధిలోని ప్రతి ఇంటికీ గిగాబిట్ కనెక్షన్ ఇస్తామని ప్రకటించింది. డౌన్‌లోడ్ ఎంతో అప్‌లోడూ అంతే. 2015కి 10 గిగాబిట్లకు, 2022కి 25 గిగాబిట్లకు వెళ్లారు. మొదట్లో గిగాబిట్ ప్లాన్ నెలకు 350 డాలర్లు ఉండేది, తర్వాత 70కి దిగింది. స్థానిక విశ్వవిద్యాలయంలోని ఆర్థికవేత్త బెంటో లోబో మొదటి పదేళ్ల లాభాన్ని లెక్కగట్టి దాదాపు 269 కోట్ల డాలర్లని, సుమారు 9,500 ఉద్యోగాలని 2020లో చెప్పాడు.

ఈ కథలో సగమే బ్రోచర్లలోకి ఎక్కుతుంది. ఈపీబీ ఫైబర్ వేసింది ముందుగా నెట్ కోసమే కాదు, కరెంటు కోసం కూడా. 2009 ఆర్థిక ఉద్దీపన చట్టం కింద అమెరికా ఇంధన శాఖ స్మార్ట్ గ్రిడ్ పేరు మీద 11 కోట్ల డాలర్లకు పైగా గ్రాంటు ఇచ్చింది. మిగతాది బాండ్లు అమ్మి తెచ్చుకున్నారు. కరెంటు లైన్ల మీద ఫైబర్‌తో కలిపిన ఆటోమేటిక్ స్విచ్‌లు వెయ్యికి పైగా పెట్టారు. చెట్టు విరిగి తీగ మీద పడితే ఆ ముక్కను మాత్రం విడదీసి, మిగతా వీధులకు వేరే దారిన కరెంటు మళ్లించడం వాటి పని. కరెంటు పోయే సమయం 40 శాతానికి పైగా తగ్గిందని సంస్థ చెబుతుంది. కరెంటు ఒక్క సెకను పోయినా లైనంతా ఆగిపోయే ఫ్యాక్టరీకి ఇది నిజమైన డబ్బు. లోబో లెక్కలో ఇలా తప్పిన నష్టాలు కూడా ఉన్నాయి. అంటే నెట్ ఒక్కటే ఆ పెట్టుబడిని మోయలేదు, కరెంటు కూడా భుజం పట్టింది.

ఇంకో విషయం. ఫోక్స్‌వాగన్ అక్కడ కార్ల ఫ్యాక్టరీ పెడుతున్నట్టు 2008లోనే ప్రకటించింది, 2011లో కార్లు బయటికి రావడం మొదలైంది. ఆ పదేళ్లలో ఊళ్లో వచ్చిన ఉద్యోగాల్లో ఫైబర్ వాటా ఎంత, ఫ్యాక్టరీ వాటా ఎంత? నిజాయితీ ఉన్నవాళ్లెవరూ అణా పైసలతో సహా తేల్చి చెప్పలేరు. చటనూగా గెలిచిందనే నేనూ అంటాను. కాకపోతే మీ ప్రతిపాదనలో "చటనూగాలా మనకూ 9,500 ఉద్యోగాలు" అని రాసి ఉంటే, రాసినాయన్ని మీ దగ్గర కరెంటు సంస్థ ఎవరి చేతిలో ఉందో, గ్రాంటు ఎవరిస్తున్నారో అడగండి.

నాకు చటనూగా కన్నా స్టాక్‌హోమ్ పద్ధతి ఎక్కువ నచ్చుతుంది. స్వీడన్ టెలికాం రంగాన్ని 1993లో పోటీకి తెరిచింది. ప్రతి కంపెనీ వచ్చి తన తీగ కోసం రోడ్డు తవ్వితే ఊరు ఏమైపోతుందో నగరానికి ముందే అర్థమైంది. అందుకే 1994లో స్టోకాబ్ అని సొంత సంస్థ పెట్టింది. అది నెట్ అమ్మదు. గొట్టాలు, వాటిలో డార్క్ ఫైబర్ వేసి అద్దెకిస్తుంది. డార్క్ ఫైబర్ అంటే అటూ ఇటూ యంత్రాలు తగిలించని ఖాళీ తీగ. అద్దెకు తీసుకున్నవాళ్లు తమ యంత్రాలు పెట్టుకుని వెలిగించుకుంటారు. చిన్న కంపెనీకీ పెద్ద కంపెనీకీ అద్దె షరతులు ఒకటే. అప్పు తెచ్చి వేసి, అద్దెలతో తీర్చుకుంటూ ఆ సంస్థ లాభాల్లోకి వచ్చింది. 2009 డిసెంబరులో ప్రపంచంలో మొట్టమొదటి 4జీ సేవలు స్టాక్‌హోమ్‌లోనూ ఆస్లోలోనూ మొదలవడం వెనక ఇలాంటి తీగల అండ ఉంది. 4జీ టవర్ ఎంత గొప్పదైనా దాని కాళ్ల దగ్గరికి ఫైబర్ రావాల్సిందే.

అక్కడ ఫైబర్ ఒంటరిగా రాలేదని కూడా చెప్పాలి. 1998లో స్వీడన్ ఉద్యోగులకు పన్ను రాయితీతో ఇంటికి కంప్యూటర్ తెచ్చుకునే వీలు కల్పించింది. అలా కంప్యూటర్ల ముందు పెరిగిన పిల్లలు, ఇంటిదాకా వచ్చిన తీగ, అద్దె అందుబాటులో ఉండటం వల్ల పోటీకి దిగిన చిన్న కంపెనీలు, అన్నీ ఒకేసారి కలిశాయి. స్పాటిఫై 2006లో అదే ఊళ్లో పుట్టింది. ఫైబర్ వల్లే పుట్టిందని నేననను. పాట ఆగకుండా వినిపించే ఊళ్లో పుట్టడం మాత్రం దానికి కలిసొచ్చింది.

పోటీ మాట వచ్చింది కాబట్టి ఒక ధర చెబుతాను. గూగుల్ అమ్మే నెట్ సేవ గూగుల్ ఫైబర్ మొదట అమెరికాలోని కాన్సస్ సిటీకి వచ్చింది. 2010లో వెయ్యికి పైగా ఊళ్లు మాకివ్వండి మాకివ్వండి అని దరఖాస్తు పెట్టుకుంటే 2011లో దాన్ని ఎంపిక చేశారు. 2015లో అదే ఊళ్లో ఏటీ అండ్ టీ అనే టెలికాం కంపెనీ తన గిగాబిట్ ప్లాన్‌ను 70 డాలర్లకు మొదలుపెట్టింది. అప్పుడు గూగుల్ లేని ఊళ్లలో అదే కంపెనీ, అదే ప్లాన్ 110 డాలర్లు. రెండో తీగ వచ్చినందుకు మొదటి తీగ వాడేవాడి జేబులో నెలకు 40 డాలర్లు మిగిలాయి. ఆ డబ్బు ఊళ్లోనే ఇంకెక్కడో ఖర్చవుతుంది. మీ ఊళ్లో ఇప్పటికే ఒక కంపెనీ మంచి స్పీడు ఇస్తున్నా రెండోదానికి దారి తెరవడం దండగ కాదని చెప్పడానికి నా దగ్గర ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

అదే కాన్సస్ సిటీలో ఇంకో పాఠం కూడా ఉంది. గూగుల్ ఊరిని చిన్న చిన్న పేటలుగా విడదీసింది. ఒక పేటలో తగినన్ని ఇళ్లు పది డాలర్లు కట్టి ముందుగా పేరు నమోదు చేసుకుంటేనే అక్కడ తీగ వేస్తామంది. వ్యాపారంగా చూస్తే తెలివైన పనే. కానీ మ్యాపులో ట్రూస్ట్ అవెన్యూకు పడమర పేటలు గబగబా నిండాయి, తూర్పున ఉన్న పేద నల్లజాతి పేటలు వెనకబడ్డాయి. ఎన్నో ఏళ్లుగా ఊరిని రెండుగా చీల్చిన గీత అది. చివరికి వాలంటీర్లు ఇంటింటికీ తిరిగితేగానీ చాలా పేటలు అర్హత లెక్కకు చేరలేదు.

పేదవాళ్లకు న్యాయం జరగాలని మాత్రమే ఇది చెప్పడం లేదు, ఆర్థికంగా కూడా లెక్క ఉంది. నార్వేలో బ్రాడ్‌బ్యాండ్ వ్యాప్తి మీద ఏకర్‌మన్, గార్డర్, మోగ్‌స్టాడ్ చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. నెట్ వచ్చిన కంపెనీల్లో చదువుకున్న ఉద్యోగుల జీతాలు, ఉత్పాదకత పెరిగాయి. పెద్దగా చదువు లేనివాళ్లు చేసే రొటీన్ పనులను నెట్ మింగింది, వాళ్లు నష్టపోయారు. దీనికి ఎదురుగా ఆఫ్రికాలో సముద్రపు కేబుళ్లు వచ్చాక ఏమైందో హోర్ట్, పౌల్సెన్ అనే ఇద్దరు చూశారు. వాళ్ల 2019 అధ్యయనంలో తక్కువ చదువున్న వాళ్లకు కూడా ఉద్యోగాలు పెరిగినట్టు తేలింది. కొత్త కంపెనీలు రావడం, ఎగుమతులు పెరగడం అందుకు కారణాలు. రెండూ గట్టి అధ్యయనాలే, ఒకదాన్ని ఒకటి కొట్టేయవు. పాత కంపెనీలు ఉన్న పనినే తక్కువ మందితో చేసుకుంటే ఒక ఫలితం, కొత్త కంపెనీలు పుడితే ఇంకో ఫలితం. మీ ఊళ్లో కొత్తగా కంపెనీ పెట్టడం ఎంత తేలికో నాకు తెలియదు గానీ, ఫైబర్ లాభం ఎవరి వాకిట్లోకి వెళ్తుందన్నది చాలావరకు దాని మీదే ఉంటుంది.

ఇంకో దారి, ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులు. కంపెనీ ఎక్కడో ఉంటుంది, జీతం మీ ఊళ్లో ఖర్చవుతుంది. ఫ్యాక్టరీ పెట్టకుండానే ఎగుమతి. అమెరికాలోని టల్సా నగరానికి వచ్చి కనీసం ఏడాది ఉండే రిమోట్ ఉద్యోగులకు అక్కడి ఒక ఫౌండేషన్ 2018 నుంచి తలకు 10,000 డాలర్లు ఇస్తోంది. నెట్ బాగా లేని ఊరికి ఆ డబ్బిచ్చినా ఎవరూ రారు. అయితే ఈ దారికి రెండో వైపు కూడా ఉంది: అద్దెలు పెరుగుతాయి. అలాగే స్పీడు పెరిగితే జనం బయటి ఊళ్ల ఆన్‌లైన్ దుకాణాల్లో కొనడం కూడా తేలికవుతుంది. తీగలో డబ్బు రెండు వైపులా పారుతుంది. ఎగుమతి, దిగుమతి అని మొదట్లో అంత గట్టిగా పట్టుకున్నది అందుకే.

స్పీడు కన్నా నమ్మకం ముఖ్యమని వ్యాపారులు నాకు నేర్పారు. నెట్ 99.9 శాతం సమయం పనిచేస్తుందంటే వినడానికి బాగుంటుంది. లెక్క వేస్తే ఏడాదికి దాదాపు 8 గంటల 45 నిమిషాలు ఉండదు. అది అర్ధరాత్రి పోతే ఫర్వాలేదు, చెల్లింపుల మిషన్లన్నీ గిరాకీలో ఉన్న సాయంత్రం పోతే? 99.99 అయితే ఏడాదికి 53 నిమిషాలే. ఈ తేడా తెచ్చేది స్పీడు కాదు. తీగను రింగులా వేశారా లేదా అన్నది. ఒకచోట తవ్వకం యంత్రం తీగను తెంపినా రెండో వైపు నుంచి సిగ్నల్ వస్తుంది. ఒకసారి ఒక ఊళ్లో రెండు వేర్వేరు దారులని కాగితం మీద చూపించారు. వెళ్లి చూస్తే ఒక వంతెన దగ్గర రెండూ ఒకే గొట్టంలో ఉన్నాయి. వంతెన రిపేరు రోజున రెండూ కలిసే తెగాయి. ఆరోజు ఊరంతా తిరిగింది నా పేరే. అప్పటినుంచి మ్యాపు నమ్మడం మానేసి కాళ్లతో నడిచి చూస్తున్నాను.

తీగ ఊళ్లో ఎంత వేగంగా ఉన్నా ఊరి బయట సరుకు ఎలా వెళ్తుందో కూడా చూడాలి. ముక్కేదిరా అంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు, ఒకప్పుడు నైరోబీలో ఒక కంపెనీ కస్టమర్ అదే ఊళ్లోని ఇంకో కంపెనీ కస్టమర్‌కు ఈమెయిల్ పంపితే అది ఉపగ్రహం ఎక్కి వేరే ఖండం దాకా వెళ్లి తిరిగొచ్చేది. అక్కడి నెట్ కంపెనీలు కలిసి ఒక ఎక్స్‌ఛేంజి పెట్టుకున్నాయి. అంటే అందరి తీగలూ ఒక గదిలో కలిసే చోటు. మొదట్లో నియంత్రణ సంస్థ దాన్ని మూయించింది కూడా, 2002లో మళ్లీ తెరుచుకుంది. 200 నుంచి 600 మిల్లీసెకన్లు పట్టే స్థానిక ట్రాఫిక్ 2 నుంచి 10 మిల్లీసెకన్లకు వచ్చింది. దానికి అయిన ఖర్చు ఊరంతా ఫైబర్ వేయడంతో పోలిస్తే లెక్కలోకే రాదు. 2009లో సముద్రపు కేబుళ్లు తూర్పు ఆఫ్రికా తీరానికి చేరేసరికి ఆ గది సిద్ధంగా ఉంది.

ఎంతకాలంలో ఫలితం వస్తుందని కూడా అడుగుతారు. నా అనుభవంలో మొదటి రెండేళ్లు నిజంగానే సినిమాలే. ఫ్యాక్టరీలకు కరెంటు మోటార్లు వచ్చినప్పుడూ ఇంతే అయింది. పాత ఆవిరి యంత్రం స్థానంలో ఒక పెద్ద మోటారు పెట్టి, అవే బెల్టులు, అదే అమరిక ఉంచారు. ఒక్కో మిషన్‌కు ఒక్కో చిన్న మోటారు పెట్టి, షెడ్డు మొత్తం సర్దుకున్నాకే ఉత్పత్తి పెరిగింది. అందుకు దశాబ్దాలు పట్టాయి. నెట్‌కు అంతకాలం పట్టదు. కానీ ఓటు వేసినవాళ్ల పదవీకాలంలో రిబ్బను కత్తిరింపు తప్ప పెద్దగా ఏమీ కనబడకపోవచ్చు. ఈ మాట మీకు రుచించదని తెలుసు.

చేతులు కాల్చుకున్న ఊళ్లూ ఉన్నాయి. అమెరికాలో యూటా రాష్ట్రంలోని ప్రోవో నగరం బాండ్లు అమ్మి సొంత ఫైబర్ వేసింది, నడపలేక చేతులు మార్చింది, చివరికి 2013లో గూగుల్‌కు ఒక్క డాలరుకు అమ్మింది. బాండ్ల బాకీ మాత్రం జనమే కరెంటు బిల్లుల్లో కట్టుకున్నారు. అమెరికాలోనే లూయీవిల్ నగరంలో గూగుల్ ఖర్చు తగ్గించుకోవాలని రోడ్డు మీద రెండంగుళాల లోతు గాడి తీసి తీగ పూడ్చింది. తీగలు పైకి తేలాయి. 2019లో ఊరొదిలి వెళ్తూ రోడ్లు బాగు చేసుకోవడానికి నగరానికి 38 లక్షల డాలర్లకు పైగా కట్టింది.

ఫైబర్ ఖర్చులో సింహభాగం తవ్వకానిదే, గాజు తీగ చవక. అందుకని ఓటు వేసేముందు ప్రతిపాదన తెచ్చినవాళ్లను ఇవి అడగండి. ఒక స్ప్లిట్టర్ కింద, అంటే ఒక తీగను చాలా ఇళ్లకు పంచే పరికరం కింద, ఎన్ని ఇళ్లు పెడుతున్నారు? జీపాన్ అనే మామూలు రకం పరికరాలైతే 1.25 గిగాబిట్ల అప్‌లోడ్‌ను 32 ఇళ్లు పంచుకోవాలి. అందరూ ఒకేసారి వాడితే ఇంటికి 39 ఎంబీపీఎస్ మిగులుతుంది. అదే ఎక్స్‌జీఎస్‌పాన్ అనే కొత్త రకం అయితే పంచుకునేది 10 గిగాబిట్లు. గొట్టాలు ఎవరి పేరు మీద ఉంటాయి? వేరే కంపెనీ అద్దెకు అడిగితే ఇవ్వాలని ఒప్పందంలో రాశారా? రింగు ఎక్కడెక్కడ ఒకే గొట్టంలో నడుస్తోంది? పేద పేటలకు ఏ ఏడాదిలో చేరుతుంది, తేదీ తప్పితే జరిమానా ఎంత? నీళ్ల పైపుల కోసమో, మురుగు కాలువల కోసమో ఈ రెండేళ్లలో ఏ ఏ రోడ్లు ఎలాగూ తవ్వుతున్నారో ఆ జాబితా మీ ఇంజనీరింగ్ విభాగంలోనే ఉంటుంది. ప్రతిపాదన తెచ్చినవాళ్లు దాన్ని చూశారో లేదో కనుక్కోండి. చూడకపోతే ఫైబర్ ఓటు వాయిదా వేసినా పెద్దగా పోయేదేమీ లేదు. కానీ ఆ రోడ్లలో ఖాళీ గొట్టాలు వేయించే తీర్మానం మాత్రం ఈ సమావేశంలోనే పెట్టండి. జవాబులు వచ్చాక రాయండి, ముఖ్యంగా స్ప్లిట్టర్ సంగతి, చూసి చెబుతాను.